డీజిల్ గొంతు తగిలించుకున్న కరెంటు ఆటో

ఒక్క పూటలో నా పరువునూ మా ఊరి ఓబుళమ్మత్త టమోటాలనూ ఎలా కుళ్లబెట్టానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, మా మండలమంతా ఇప్పటికే నవ్వేసింది.

కదిరి మండీకి టమోటాలు తోలే డీజిల్ ఆటో ఒకటి నాకుండేది. కరెంటు ఆటోలకు సర్కారు రాయితీ ఇస్తోందనీ, రోడ్డు పన్ను లేదనీ విని, పాతదాన్ని మా ఊరి ఇంకో ఆటోవాడు బాషాకు అమ్మేసి కొత్తది తెచ్చాను. తాళాలిచ్చే రోజు అధికారి నా మెడలో దండ వేసి, "పొగ ఉండదు, చప్పుడు ఉండదు. దారి పొడవునా ఛార్జింగ్ స్తంభాలు కూడా పెడుతున్నాం" అన్నాడు. భూగోళాన్ని కాపాడే పని నా ఒక్కడికే అప్పగించినట్టు ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను.

మర్నాటి నుంచే నా ఖర్మ మొదలైంది. మా పల్లెల్లో ఆటో కోసం ఎవరూ రోడ్డు మీద కాచుకోరు. దూరాన బండి చప్పుడు వినబడితే అప్పుడు తోటలోంచి పెట్టెలు మోసుకొస్తారు. నా కొత్త బండి పిల్లిలా వచ్చి పిల్లిలా పోయింది. వెనకే బాషా నా పాత బండిలో డబడబమంటూ వచ్చి పెట్టెలన్నీ ఎత్తుకుపోయాడు.

"ఏమప్పా బాషా, నా బేరమంతా గుంజుకుంటాండావే!"

"నేనేం చేసేదన్నా? బండితోపాటు దాని గొంతు గూడా నాకే అమ్మినావు కదా!"

దాంతో నా బుర్ర వెలిగింది. వెలక్కుండా ఉంటే ఎంత బాగుండేదో! బాషాకు ఇంజిను ఆపకుండా టీ తాగే అలవాటుంది. ఆ సందులో పాత ఇంజిను మోతను సెల్లులో రికార్డు చేశాను. కూరగాయలమ్మేవాళ్లు వాడే మైకు ఒకటి, దాని బ్యాటరీతో సహా కొని, ఆటో నెత్తిన కట్టి ఆ మోత పెట్టాను.

ఊరు ఊరంతా కదిలింది. పెట్టెల మీద పెట్టెలు ఎక్కాయి. చివర్లో ఓబుళమ్మత్త తన టమోటా పెట్టెలతో వచ్చింది. బోరు ఎండిపోతే ట్యాంకరు నీళ్లు పోసి బతికించుకున్న కాయ అది. ఆ కాపు తప్ప ఆ ఏడు ఆమెకు ఇంకేమీ లేదు.

"వేలం అయిపోయే లోపల చేరుస్తావా నాయనా? ఈ ఎండకు కాయ రేపటిదాకా నిలబడదు."

"నా పక్కన కూచో అత్తా. వేలం మొదలయ్యే పొద్దుకు ఆడుంటాం."

ఇక్కడ నా పాత జబ్బొకటి చెప్పాలి. నా డీజిల్ బండిలో డీజిల్ ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో చచ్చింది. ఇంజిను దగ్గినట్టు మోత మారితే డీజిల్ అయిపోతోందని తెలుసుకునేవాణ్ణి. మోత బాగుంటే ధీమాగా తోలేవాణ్ణి. ఆ రోజూ అదే చేశాను. నెత్తిన మోత బ్రహ్మాండంగా ఉంది కదా అని బండి బ్యాటరీ ఎంతుందో చూపే గీతల వంక చూడనేలేదు. నేను పెట్టిన రికార్డును నేనే నమ్మానండీ! ఇంతకన్నా ఘనుడు మీకు తెలిస్తే చెప్పండి, నా దండ తెచ్చి ఆయన మెడలో వేస్తాను.

గుట్ట ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. మోత ఆగలేదు. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన నిలబడి చూశాడు.

"ఏమప్పా, ఇంజిను అంత గట్టిగా అరుస్తాండాది, బండి కదలదేమి?"

"కరెంటు అయిపోయినాది తాతా."

"మరి అరిచేది ఎవురు?"

నెత్తిన ఉన్న మైకు వైపు వేలు చూపించాను.

అల్లంత దూరాన ఛార్జింగ్ స్తంభం కనిపించింది. ముగ్గురం రొప్పుతూ తోసుకుపోయాం. ప్రారంభోత్సవం రిబ్బను ఇంకా వేలాడుతూనే ఉంది. "దీన్ని నిలబెట్టి పోయినారు, మళ్లా లైను లాగేకి ఎవురూ రాలే" అన్నాడు పెద్దాయన.

చివరికి అదే దారిన బాషా వచ్చి, నా బండిని తాడుతో తన బండికి కట్టి లాగాడు. పొగలేని బండిలో కూర్చుని, నా పాత బండి పొగంతా మింగుతూ మండీ చేరాను. వేలం అయిపోయింది, వ్యాపారులు వెళ్లిపోయారు. అడుగున ఉన్న పెట్టెల్లోంచి రసం కారుతోంది. పగిలిన కాయ ఒకటి చేతిలో పట్టుకుని అత్త అక్కడే కూలబడింది. నాకు ఏడుపొచ్చింది.

"సర్కారోళ్లు నీకు బండి ఇచ్చి, దోవలో కరెంటు ఇయ్యలే. నువ్వేమో దానికి అరుపు పెట్టి, గీతలు చూడలే. నడమ నా కాయ పోయినాది" అంది.

"అత్తా! నా మెడలో పడిన ఆ దండ సాక్షిగా, లైను లేని ఆ స్తంభం సాక్షిగా ఒట్టేస్తాండా. ఈ జన్మలో ఇంగ నా బండికి దొంగ గొంతు పెట్టను!"

అత్త తల పైకెత్తింది. నెత్తిన మైకు ఇంకా డబడబలాడుతూనే ఉంది.

"ముందు దాన్ని ఆపు నాయనా. అది విని ఇంకెవురన్నా పెట్టెలు మోసుకొస్తారు."