మొహం కడుక్కొని రమ్మన్న రోజు

పట్టుపురుగులు పెంచే ఇంట్లో పౌడరు డబ్బాకు చోటుండదు. పురుగులకు వాసన పడదు. సెంటు, అగరొత్తి, ఏదీ ఆ గది దరిదాపుల్లోకి రాకూడదు. మా అమ్మాయి తన పౌడరు డబ్బాను స్నానాల గది గూట్లో దాచుకునేది. ఏడో తరగతి పిల్లల్ని మైసూరు తీసుకెళ్తున్నారని తెలిసిన రోజు నుంచి ఆ డబ్బాను దుమ్ము తుడిచి మళ్ళీ గూట్లో పెట్టడం ఎక్కువైంది.

స్కూలు ట్రిప్పును మా వైపు ప్రవాస అంటాం. ఏడుతో ఆ స్కూలు అయిపోతుంది, తర్వాత పిల్లలు తలా ఒక దిక్కు. అందుకని ఆ ప్రవాస మీద దానికంత ఆశ. జిరాఫీని చూడాలని రోజుకొకసారైనా అనేది. తల్లిదండ్రుల ఒప్పిగె పత్రం, అంటే అనుమతి కాగితం మీద నేనే పెద్ద అక్షరాలతో సంతకం చేసి పంపాను.

అప్పటికి మా పురుగులు ఆఖరి దశలో ఉన్నాయి. లెక్క ప్రకారం ప్రవాస అయిన రెండు రోజులకు పండాలి. పండడమంటే పురుగు ఆకు తినడం మానేసి, ఒళ్ళు పసుపుగా మెరుస్తూ, తల ఎత్తి ఆడిస్తుంది. వెంటనే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తడికల మీద వేయాలి. ఆలస్యమైతే ఆకు చెత్తలోనే గూడు కట్టేస్తుంది, పంట పాడవుతుంది. నాకు తెలివి ఎక్కువ కదా. ప్రవాసకు ముందే పని ముగించేద్దామని గదిలో బొగ్గుల కుంపట్లు పెంచాను. వెచ్చగా ఉంటే పురుగు తొందరగా పండుతుంది. నాలుగు రోజులు ముందుకు లాగుదామనుకుంటే రెండు రోజులే ముందుకొచ్చి, సరిగ్గా ప్రవాస రోజునే పండి కూర్చున్నాయి. నేను ఊరికే ఉండి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

అది ధనుర్మాసం. ఇంకా తెల్లవారలేదు, చలి కొరుకుతోంది. గది తలుపు తీసి చూస్తే తట్టల నిండా తలలు ఆడుతున్నాయి. చిన్నాన్న చనిపోయాడని మా ఆయన ముందు రోజే బాగేపల్లి వెళ్ళాడు. కూలీలను పిలుద్దామంటే ఊళ్ళో మరో మూడిళ్ళలో పురుగులు పండి ఉన్నాయి. వెనక్కి తిరిగితే మా అమ్మాయి నిలబడి ఉంది. తలంటు, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మొహం నిండా పౌడరు, చేతిలో చిత్రాన్నం డబ్బా.

నిజం చెప్పి ఉంటే ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని, అయిపోయేది. నేను చెప్పింది వేరు.

"బస్సు రాదంటమ్మా. మీ మిస్సు ఫోన్ చేసింది. ఇంకొక పొద్దు పోతారంట. మొగం కడుక్కొని రా, పురుగులు పండినాయి."

ఫోను కిటికీ దగ్గర చార్జింగులో ఉంది. మా అమ్మాయి ఒకసారి అటు చూసింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, చన్నీళ్ళతో రెండుసార్లు మొహం కడుక్కొని, రిబ్బన్లు విప్పి వచ్చింది.

అరగంటకు రోడ్డు మీద హారన్ వినిపించింది. అడగకుండానే నేను, ఎవరిదో పెళ్ళి బస్సులే అన్నాను. అంతలో గేటు చప్పుడైంది. మిస్సు స్వయంగా వచ్చింది. నేను పరుగెత్తి గేటు దగ్గరే ఆపాను. పురుగులు పండినప్పుడు బయటివాళ్ళను రానివ్వం, మా వైపు ఎవరూ దానికి నొచ్చుకోరు. ఆ నియమం నాకు ఆ రోజు భలే పనికొచ్చింది. పాపకు రాత్రి నుంచీ వాంతులని చెప్పాను. ఆమె మొహం చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయింది. హారన్ ఇంకో రెండుసార్లు మోగి దూరమైంది.

సాయంత్రానికి పురుగులన్నీ చంద్రికలెక్కాయి. గూళ్ళు గట్టిగా, తెల్లగా వచ్చాయి. పంట పోయి ఉంటే నాకు కొంచెం శాంతిగా ఉండేదేమో.

సోమవారం అది స్కూలుకు వెళ్ళింది. వచ్చి పోట్లాడుతుందని రోజంతా భయపడుతూ కూర్చున్నాను. వచ్చింది, సంగటి తిన్నది, హోంవర్కు రాసుకుంది. ప్రవాస మళ్ళీ ఎప్పుడని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. మరిచిపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను.

మార్చిలో తల్లిదండ్రుల మీటింగుకు వెళ్ళినప్పుడు మిస్సు నన్ను అందరి ముందూ మెచ్చుకుంది. ప్రవాస రోజు వాంతులవుతుంటే అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకొని చెంచాతో జీలకర్ర నీళ్ళు తాగించింది, పురుగుల వైపు కూడా చూడలేదు, అని మా అమ్మాయి చెప్పిందట. పండిన పురుగుల్ని వదిలి బిడ్డను చూసుకునే తల్లి ఎక్కడుంటుంది అన్నదామె. నేను తల ఊపాను. సిగ్గు లేకుండా ఊపాను. దారి పొడుగునా ఆ చెంచా నా కళ్ళ ముందే ఉంది.

ఇప్పుడది చింతామణిలో తొమ్మిదో తరగతి. మొన్న బ్యాగులోంచి ఇంకో ప్రవాసకు ఒప్పిగె పత్రం జారి పడింది. పది రోజుల పాత తేదీ. నాకెందుకు చూపించలేదంటే, ఆ వారంలోనే పురుగులు పండుతాయి కదా, రానని చెప్పేశానంది. ఆకు కట్టలు విప్పుతూ మామూలుగానే చెప్పింది.

"ఆ పొద్దు వచ్చింది మీ బస్సేనమ్మా. నేను అబద్ధం చెప్పినాను."

అది తల ఎత్తలేదు. "తెల్సు మా. ధనుర్మాసంలో పెండ్లి బస్సు యాడ వస్తాది?"

"తెల్సీ ఎందుకు బయటికి రాలేదు?"

"వచ్చింటే మిస్సు ముందర నీ మాట పోయుండేది కదా."

నేను పత్రం గోడకు ఆనించి సంతకం చేశాను. ఈసారి పంట ఏమైనా సరే, నువ్వు పోవాల్సిందే అన్నాను. కన్నీళ్ళకు కాగితం సరిగా కనిపించక అక్షరాలు వంకరపోయాయి. అది పత్రం తీసుకొని చూసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"మొగం కడుక్కొని రా మా. పురుగులకి ఆకు వేయల్ల."