తెల్ల తెరకు పసుపు బొట్టు

మొన్న పొద్దున్న దుప్పటి ఉతికి బాల్కనీలో ఆరేస్తుంటే, ఎదురింటి కోడలు తలుపు సందులోంచి చేత్తో సైగ చేసింది, లోపలికి తీసెయ్యమని. రంగూన్‌లో సైన్యం మళ్ళీ గద్దెనెక్కినప్పట్నుంచీ బయట వేలాడే గుడ్డ ఎవరికి ఏ అర్థం ఇస్తుందో చెప్పలేం. తీసేసి కుర్చీల మీద పరిచాను. కరెంటు లేదు, ఫోన్లో ఉలుకూ పలుకూ లేదు, నాలుగడుగులు నడిచొద్దామంటే వీధి అనుమతించదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగే హక్కు ఆవిడ ఒక్కదానిదే.

అత్త రేవు పక్క పేట బోటాటౌంగ్‌లో మాతోనే ఉండేది. కుట్టుపని చేసి బతికే మనిషి కూచోలేకపోవడం ఏం జాతకమో నాకిప్పటికీ అర్థం కాదు. నాలుగు కుట్లు కుట్టేది, లేచి వీధి చూసొచ్చేది, మళ్ళీ నాలుగు కుట్లు. మా తెలుగు బాప్టిస్టు చర్చికి బల్లగుడ్డలు కుట్టేది. అంతకన్నా ఇష్టంగా పడమటి వీధుల్లో ఉన్న యూదుల ప్రార్థనా మందిరానికి కుట్టేది: వాళ్ళ ధర్మశాస్త్రపు చుట్టలకి మఖమలు తొడుగులు, ఆ చుట్టలుంచే బీరువా ముందు వేలాడే తెర. ఆ యూదుల్లో జపాను యుద్ధానికి భయపడి కొందరు, దుకాణాలు సర్కారు తీసేసుకున్నాక కొందరు దేశం విడిచిపోగా, మందిరం తాళంచెవి ఒక పెద్దాయన చేతిలో మిగిలింది. ఆయన్ని మేం బర్మావాళ్ళలాగే సయా అనేవాళ్ళం, మాస్టారు అన్నట్టు.

అత్త గుడ్డ మీద కుట్టే ముగ్గులన్నీ ఈ ఊరి గోడల మీంచి ఎత్తినవే. ఆదివారం చర్చి అవగానే నన్ను వెంటేసుకుని రేవు రోడ్డు వెంట బయల్దేరేది. దేశం తలుపులు మూసుకుని ఉన్న కాలం. తెల్లవాళ్ళు కట్టిన పెద్ద పెద్ద ఆఫీసులు సున్నం లేక నల్లబడి, పగుళ్ళలో రావి మొక్కలు మొలిచి ఉండేవి. అత్తకి అవేవీ కనబడేవి కావు. తల వెనక్కి వంచి, "అదిగో, ఆ మేడది గొలుసుకుట్టు. ఈ బాల్కనీది కాడకుట్టు," అనేది. సైకిల్ రిక్షాలవాళ్ళు ఎంత తిట్టినా నడిరోడ్డు మీంచి కదిలేది కాదు. ఏ బ్యాంకు గోడ మీది ద్రాక్షతీగో యూదుల తెర అంచుకి ఎక్కేసేది. ఎవరి తీగ ఎవరి గుడికి పోతోందని నేను నవ్వేదాన్ని.

కాలేజీలు మూసేసి, వీధులన్నీ సర్కారు మీద ఊరేగింపులతో ఊగిపోయిన ఏడు, సయా కబురు పెట్టాడు. పాత తెల్ల తెరని చెదలు కొట్టేశాయట. వాళ్ళ కొత్త సంవత్సరానికి తెర తెల్లగా ఉండాలి. ఏడాదంతా చేసినవి తలుచుకుని మనసు కడుక్కునే రోజులట అవి. ఎవరొచ్చినా రాకపోయినా ఆ సాయంత్రం తలుపు తీస్తానన్నాడు. అత్త మాటిచ్చింది. బజారులో శాటిన్ దొరకలేదు, దాచుకున్న పాత గుడ్డ తీసింది. పాత తెర మీది జరీ అక్షరాలు విప్పి అతికింది. అస్తరుకి గుడ్డ చాల్లేదు. పూర్తయిన ఆనందంలో, వాళ్ళమ్మ నేర్పిన అలవాటు చొప్పున, మూలన పసుపు బొట్టు పెట్టేసింది. కొత్తబట్టకి పసుపు పెట్టనిదే ఆవిడ చెయ్యి ఆగదు. పాస్టరుగారు వద్దని చెప్పి చెప్పి విసిగిపోయారు. ఇన్నేళ్ళూ మఖమలు తొడుగుల అస్తరు మీదా ఆ బొట్టు ఉండేది, ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు అస్తరు లేని తెల్లగుడ్డ మీద ఇటూ అటూ ఒకేలా మెరిసిపోతోంది.

నేను సబ్బు అందుకుంటే చెయ్యి లాగేసింది. "సబ్బెట్టకు, ఎర్రబడిపోద్ది. ఎండే తియ్యాలి దాన్ని."

ఎండ ఎక్కడిది? వాన ఆగలేదు. అత్త బాల్కనీలోకీ గదిలోకీ తిరుగుతూనే ఉంది. ఆయనకి మురికి తెర ఇస్తే ఇన్నేళ్ళ నమ్మకం ఏమవుతుందని ఆవిడ బెంగ. పండగనాడు పొద్దున్న మబ్బు విడింది. తెర పట్టుకెళ్ళి కమ్మీల మీద పరిచేసింది. సైన్యం రాకుండా వీధివాళ్ళే మొదట్లో కట్టుకున్న వెదురు కంచె దగ్గర కాపలా ఉన్న కింది వాటా మావయ్య, రేవులో మూటలు మోసేవాడు, తలెత్తి చూశాడు.

"ఏటక్కా, మనం లొంగిపోతన్నామేటి?"

విషయం చెబితే పగలబడి నవ్వాడు. తర్వాత మాత్రం అక్కడే ఎండలో నిలబడి, తెల్లగుడ్డ చూసి అరుస్తూ వచ్చిన ప్రతివాడికీ విడమరిచి చెప్పాడు. మధ్యాహ్నానికి బొట్టు, వెతికితే కనబడేంతకి పాలిపోయింది. మావయ్యే మాతో బయల్దేరి, కంచె కంచెకీ మూట విప్పి చూపించి మమ్మల్ని దాటించాడు. మధ్యలో అత్త ఒక మేడ కింద ఆగిపోతే, "పద అక్కా, పొద్దు పోతంది," అని రెక్క పట్టుకుని లాగాడు. వేళకి తెర ఎక్కింది. సయా కాక వచ్చింది ముగ్గురు. అత్త మాత్రం మూల వంక చూస్తూ నలిగిపోయింది.

కొద్ది రోజులకే సైన్యం దిగింది. కాల్పులు ఆగాక కంచెలు లేవు, మావయ్యా లేడు. అతని భార్య మింగళాడోన్ సైనిక శిబిరం దాకా వెళ్ళి గేట్ల దగ్గర నిలబడింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇళ్ళన్నిటికీ సున్నం వెయ్యమని హుకుం వచ్చింది. కర్ఫ్యూ కాస్త సడలాక, పండగ తెర తీసి మామూలు తెర వెయ్యడానికి అత్తా నేనూ వెళ్ళాం. దారిలో మేడలన్నీ తెల్లగా ఉన్నాయి. అత్త ఒక్కదానికీ తలెత్తలేదు.

తెర దింపి కిటికీ దగ్గర నాలుగు మూలలూ వెతికింది. పెద్ద కిటికీల్లోంచి ఇన్ని వారాలూ పడిన వెలుతురుకి ఆ కాస్త పసుపూ పోయింది. ఏ మూలో కూడా తెలియలేదు. ఏమీ ఎరగని సయా, "ఎంత శుభ్రంగా ఉందో చూడు," అని మురిసిపోయాడు. అత్త బల్ల మీద కూచుండిపోయింది. నాతో మెల్లగా తెలుగులో అంది:

"ఆడు ఎండలో నిలబడి కాసాడే దీన్ని. రవ్వంతైనా ఉంచుకోలేదేటే ఈ గుడ్డ."

అని ఏడ్చింది. పోవాలని మేం తపించిపోయినది పోయింది, ఉండాలని తపించాల్సిన మనిషీ పోయాడు. కాలం రెండింటినీ ఒకే చేత్తో తుడిచింది.