ఒక పూట ఇంజన్ ఆపమన్న మా అత్త

డోన్ స్టేషన్ గూడ్సు ఆఫీసులో ఉండగా మా పాలెం మనిషి ఒకడు వచ్చి, మా మేనత్త పోయిందని చెప్పాడు. నా నోట మొదట వచ్చిన మాట, "ఎవురు చెప్పినారు?" ఆ మాట నాది కాదు, ఆమెదే. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఆమె ముందు అడిగేది అదే.

మా అత్తకు అనుమానం ఎక్కువ. ఉప్పు అమ్మేవాడు నవ్వితే తూకంలో మోసం ఉన్నట్టే లెక్క. కాపురానికొచ్చిన కొత్తలో నా భార్య టీ ఇస్తే, "ముందు నువ్వు తాగు పాపా" అంది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రసంగిస్తూ, బైబిల్లో బండలోంచి నీళ్ళు వచ్చిన సంగతి చెబుతుంటే, "ఆ నీళ్ళు మొదట ఎవురికిచ్చినారయ్యా?" అని కూర్చున్నచోటి నుంచే అడిగింది. చర్చి అంతా నవ్వింది.

మా పాలెం హంద్రీ ఒడ్డున, కర్నూలుకు దగ్గర్లోనే ఉంది. ఏట్లో ఇసుక తోడి చెలమ చేసుకుంటే, అందులో ఊరే నీళ్ళే మా తాగుడుకూ, అత్త పెంచే దోసపాదులకూ. కర్నూలు రాజధాని కాగానే జనం దిగారు, డేరాలు లేచాయి, పట్నానికి నీళ్ళు చాలలేదు. మా చెలమలకు కాస్త ఎగువన, ఏట్లోనే పెద్ద బావి తవ్వి ఆయిల్ ఇంజన్ పెట్టారు. తవ్విన కూలీలు మావాళ్ళే. కరువులో పని దొరికిందని సంబరపడ్డారు. అత్త ఒక్కతే గట్టు మీద కూర్చుని, "మన నీళ్ళకు మనమే దావ సూపిస్తాండాం" అంది.

ఆ వేసవికే మోకాటి లోతులో ఊరే నీళ్ళకు నడుము లోతు తోడాల్సొచ్చింది, మరుసటి ఏడాదికి మెడ లోతు. దోసపాదులు మాడిపోయాయి. అడిగితే, "మీ చెలమకూ మా బావికీ సంబంధం లేదు, వానల్లేక ఎండింది" అన్నారు వచ్చిన ఆఫీసర్లు. చదువుకున్న మేము నిజమేనేమో అనుకున్నాం. అత్త పోయి జీపు ముందు నిలబడింది.

"సంబంధం లేకుంటే ఒక పూట ఆపి సూపీయండప్పా. నీళ్ళు ఊరకుంటే నోరు మూసుకుంటా."

ఆపితే పట్నం గొంతెండుతుందట. వచ్చిన ప్రతి జీపునూ ఆమె అదే అడిగింది, ప్రతిసారీ అదే జవాబు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కూడా ఇంజన్ ఆడుతూనే ఉంది. "తాగేటోళ్ళు మూటాముల్లె సర్దుకొని పోయిరి గదా, ఇంగ ఎవురికోసరం లాగుతాండాది?" అనేది. ఎవరేం చెప్పినా తలూపే మా జనంలో అలా అడిగే మనిషి ఒకతి ఉండడం ఎంత బలమో, ఇప్పుడు తెలుస్తోంది.

నేను చేరేసరికి ఆమెకు స్నానం చేయించడానికి నీళ్ళు లేవు. మగవాళ్ళం చెలమలో దిగి తోడుతున్నాం. చెమ్మ తప్ప చుక్క లేదు. అయ్యగారు వెళ్ళి ఇంజన్ నడిపే మనిషిని బతిమాలారు. అతనూ ఆమె చేతి దోసకాయలు తిన్నవాడే.

"శానాసేపు కుదరదు అయ్యగారూ. పైవాళ్ళకు తెలిస్తే నా పని పోతాది" అంటూనే ఆపేశాడు.

ఎన్నో ఏళ్ళకు ఏట్లో చప్పుడు ఆగింది. కాసేపటికి మా కాళ్ళ కింద ఇసుక మెత్తబడింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోకి వచ్చాయి, పాదాలు ముంచాయి, చీలమండలు దాటాయి. కడవలతో వచ్చిన ఆడవాళ్ళు ముంచుకోవడం మరిచి గట్టునే నిలబడిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు.

"అయిందా?" అని అవతలి నుంచి ఇంజన్ మనిషి కేకేశాడు.

నీళ్ళు ఇంకా పైకొస్తున్నాయి.