బకూలి కడిగిన మడి

బెటాఫు లోయలో బకూలి మడిలో ముఖం చూసుకోవచ్చు అనేవారు. ఆమె చెవిన పడాలనే అనేవారు. పడితే ఆమె పొంగిపోయేది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు మడికి నాచు పట్టిందని అత్తగారు పదిమందిలో, ముఖం కడగని దాన్ని తెచ్చుకున్నాం అంది. అత్త పోయింది, మొగుడూ పోయాడు, ఆ మాట మాత్రం పోలేదు. అప్పటినుంచి నాచు అంటే బకూలికి ఒంటి మీది గజ్జి లెక్క. నాట్లు వేసిన మర్నాడే చీపురూ బుట్టా పట్టుకుని మడిలోకి దిగేది.

నాచులన్నీ ఒకటి కావు. ఆ సంగతి ఆమెకి పగవాడి గుణాలు తెలిసినంత బాగా తెలుసు. పై మళ్ళలో, చల్లటి ఊటనీళ్ళు పారే చోట, రాళ్ళకు పట్టే పల్చటి పచ్చదనం. నడిమి మళ్ళలో బురద మీద చాపలా పరుచుకుని, ఎండెక్కితే బుడగలతో పైకి తేలే నల్లటి పొర. వరి నీడన చేతికి దొరక్కుండా జారిపోయే జిగురు ముద్దలు. నీళ్ళు కదలని చోట జుట్టంత పొడుగు దారాలు. గాలీ, మడి నుంచి మడికి దిగే నీళ్ళూ వాటిని తోసి తోసి చివరికి కింది మూల మడిలో కుప్ప వేస్తాయి. ఆ మూల మడి ఫారాది.

ఫారా నోరు లేని మనిషి. ఒకరి నాట్లకి ఒకరు బదులు వెళ్ళే ఊరు కదా, పోయినేడు ఫారా మడిలో నాట్లయ్యాక అందరూ గట్టు మీద కూర్చుని ఆమె వండిన అన్నం తింటున్నారు. ఆ ముద్ద నోట్లో ఉండగానే బకూలి అంది: "ఫారా మడికి నాట్లెందుకే, దువ్వెన పట్టుకొస్తే చాలదూ!" ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఫారా కూడా వాళ్ళతో పాటు నవ్వి, అన్నం గిన్నె అడుగున అంటిన మాడులో కాచిన వేడినీళ్ళు అందరికీ తాగడానికి పోసింది.

ఈ ఏడు వానలు మొదలయ్యే వేళకి పక్క లోయలో రలాంబు అక్క చనిపోయింది. రలాంబుది బకూలి మడికి ఆనుకున్న పై మడి. పెళ్ళాం పోయిన మనిషి. మడిలోనే చేపల్ని పెట్టి, వాటి పిల్లల్ని లోయంతా అమ్మి, కొత్త పంట వచ్చేదాకా ఆకలి నెలలు ఎలాగో గట్టెక్కేవాడు. చావింటికి వెళ్తూ, మడిలో నీళ్ళు తగ్గకుండా ఓ కన్నేసి ఉంచమని బకూలికి చెప్పాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు చేసింది మహాతల్లి. గట్టెక్కి చూస్తే మడంతా జుట్టు లాంటి నాచు. ఆడదిక్కు లేని మడి ఇలాగే తగలడుతుంది అనుకుంది. చేపల గొడవ ఆమె ఏనాడూ పట్టించుకోలేదు, పిల్లలు పైనుంచి ఊడిపడతాయనుకుందో ఏమో. జాలి కొంత, గొప్ప కొంత, ఏది ఎంతో ఆమెకే తెలియదు. వంచిన నడుం ఎత్తకుండా నాచంతా తోడి గట్టు మీద ఎండలో పడేసింది.

రలాంబు తిరిగొచ్చే వేళకి, మెచ్చుకుంటాడని గట్టు మీదే నిలబడి ఉంది. అతను మడి వంక చూడలేదు. ఎండిన కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక పోగు తీసి నలిపాడు. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి రవ్వ రాలింది.

"ఏంటన్నా అది?"

"గుడ్లమ్మా," అన్నాడు రలాంబు. "చేప నాచుకే కదా పెడుతుంది."

తిట్టలేదు. తిడితే బకూలి తిరిగి తిట్టేదే, ఆమె నోరేం తక్కువది కాదు. కానీ ఆ ఊళ్ళో తమ బురదలో దిగి పని చేసినవాళ్ళని అన్నం పెట్టకుండా పంపరు. రలాంబు ఇంటికి పిలిచి, పొయ్యి రాజేసి, అన్నం వండి ముందు పెట్టాడు. తినకపోతే అతన్ని అవమానించినట్టు. తింటే చేసిన చెడుకి కూలి పుచ్చుకున్నట్టు. బకూలి సిగ్గుతో చచ్చి సగమైంది. ఇంకేం దారి లేదా అని అడిగింది. మడి మూల గుంటలో ఇంకో తల్లి చేప నిండు కడుపుతో ఉందనీ, ఇవాళో రేపో పెట్టేస్తుందనీ, పెట్టడానికి పట్టుమని గుప్పెడు నాచు లేదనీ చెప్పాడు.

బకూలి బుట్ట తీసుకుంది. తన మడిలో పోగైనా లేదు. జిగురు ముద్దకి గుడ్డు అంటదు, నల్ల పొర కుళ్ళిపోతుంది. కావలసింది పొడుగు దారాలు, అవి మిగిలింది ఒక్క చోటే. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. అయినా ఫారా గడప దాకా వెళ్ళింది.

"కాస్త నాచు కావాలే," అంది నేల చూస్తూ.

ఫారా చేట పక్కన పెట్టింది. "నీకా అక్కా? నాచెందుకు నీకు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"రలాంబన్న చేపగుడ్లన్నీ ఎండబెట్టేశాను. మడి శుభ్రం చేస్తున్నాననుకున్నాను."

ఇప్పుడు ఈమె నవ్వుతుంది అనుకుంది బకూలి. ఫారా నవ్వలేదు. బట్ట ఎగదోపుకుని మడిలోకి దిగి, బాగున్న పోగులు ఏరి ఏరి బుట్ట నింపింది. దాన్ని నెత్తిన పెట్టుకుని, పచ్చటి నాచునీళ్ళు మెడ మీదుగా కారుతుంటే, నాట్లు వేస్తున్న ఆడవాళ్ళందరి ముందు నుంచి బకూలి పై మడికి నడిచింది. నారు చేతుల్లో పట్టుకుని అందరూ అటే చూశారు. ఆమె తల తిప్పలేదు.

చేప గుడ్లు పెట్టింది. పిల్లలయ్యాయి. అవి వేలి గోరంత కాగానే రలాంబు ఒక గిన్నెలో పట్టి బకూలి మడి దగ్గరికి తెచ్చాడు.

"మొదటివి నీకేనమ్మా. నీ మడిలో వదులు."

బకూలి గిన్నెలోకి చూసింది. బుల్లి నోళ్ళు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాయి. తన మడి వంక చూసింది. తేటనీళ్ళు, అడుగున బోసి బురద. ఇన్నేళ్ళూ మురిసిపోయింది దాన్ని చూసుకునే.

"ఇందులో బతకవన్నా," అంది. "తినడానికి నేనేమీ ఉంచలేదు. ఫారాకి ఇయ్యి."