బసవడు పిలిచిన పొద్దు

పందొమ్మిది వందల యాభైలలో, రాయచోటి దగ్గరి ఒక పల్లెకు నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది జరిగిందిది. మా అత్త బసవడనే ఎద్దుతో నోరు విప్పకుండానే మాట్లాడుతుందని ఊళ్లో అనేవారు. నాకు నవ్వొచ్చేది.

ఒక పొద్దున సంగటి కెలుకుతున్న అత్త ఉన్నట్టుండి తెడ్డు వదిలేసి లేచింది. "బసవడు పిలుస్తాండాడు, రామ్మా" అంటూ పరుగెత్తింది. ఎద్దులతో తోలుసంచి లాగించి నీళ్లు తోడే మా కపిల బావి ఊరికి శానా దూరం; మామ తెల్లారకముందే ఎద్దులను తోలుకుని అక్కడికి పోయాడు. నాకైతే ఏ అరుపూ వినపడలేదు.

ఆమె వెనకే నేనూ పరుగెత్తాను. బావి అంచున చిక్కుకున్న తోలుసంచిని తప్పించబోయి కాలు జారిన మామ, దాన్నే పట్టుకుని బావిలో వేలాడుతున్నాడు. సంచి పైకి రాగానే, దాన్ని మళ్లీ నీళ్లలోకి దించడానికి వెనక్కి నడవడం కపిల ఎద్దులకు అలవాటు. అవి నడిస్తే మామ నీళ్లలోకే. తోలేవాడు లేకపోయినా బసవడు మోకు బిగబట్టి, జత ఎద్దునూ కదలనీయకుండా నిలబడి ఉన్నాడు.

అత్త వాడి నుదుటికి తన నుదురు ఆనించింది. ఒక్క మాటా అనలేదు. ఎద్దులు మెల్లగా ముందుకు కదిలాయి. సంచితో పాటు పైకొచ్చిన మామను నేను చెయ్యి పట్టి గట్టుకు లాగాను.

"ఎట్ల తెలిసిందత్తా?" అని అడిగాను.

"పిలిచినాడు, వచ్చినా" అంది, వాడి గంగడోలు నిమురుతూ.

అదేం వినికిడో నాకిప్పటికీ అంతుపట్టదు. గట్టున కూర్చుని మామ అన్న మాట మాత్రం మరవలేను.

"గొంతు పోయేట్టు నేను అరిస్తే మీ అత్తకు ఇనపడలేదు. నోరు తెరవని ఎద్దు పిలిస్తే ఇనపడింది."