నాలుగు చక్రాలకూ బొట్టు

నాలుగు చక్రాలూ లాగే కారు కొన్నానని చెప్పిన రోజున ఆత్మకూరులో మా అంగడి ముందు కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. "ఏందిరా, మా కార్లు మూడు చక్రాలమీద పోతాండాయా?" అన్నాడు పక్కంగడాయన. నాకు ఒళ్ళు మండింది. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుందని, ఇందులో ముందువాటికీ వెనకవాటికీ కూడా పోతుందని చెప్పి, ఆయన్ని వంగదీసి మరీ కిందున్న షాఫ్టు చూపించాను. ఆయన మోకాళ్ళు దులుపుకుని లేచి, "అట్టాంటిది జీపుకుంటాది. ఇదేమో డిక్కీ కారు, కడుపు నేలకానేట్టుండాది" అన్నాడు. ఆ ఒక్కమాటా నిజమే.

బోరు మోటార్లు, పైపులు అమ్ముకునేవాడిని. బెంగుళూరులో ఒకాయన వాడి వదిలేసిన ఆ కారును ముచ్చటపడి తెచ్చుకున్నాను. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా ఉన్న స్పీడు బ్రేకర్లన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఎక్కడ ఐమూలగా ఎక్కించాలో, ఎక్కడ అందరినీ దించి ఎక్కించాలో తెలుసుకున్నాను. కింద గీసుకున్నప్పుడల్లా నా గుండెల్లో గీసుకున్నట్టుండేది. టైర్లు మార్చాలంటే నాలుగూ ఒకేసారి మార్చాలన్నాడు మెకానిక్కు. రెండు కొత్తవీ రెండు అరిగినవీ వేస్తే లోపలి సామాను పాడవుతుందట. ఇక పెట్రోలు తాగడమంటారా, తాగుబోతు నయం. "దీన్ని మేపే బదులు రెండు ఎనుముల్ని మేపుండొచ్చు" అనేది మా ఆవిడ.

అయినా వాన పడిందంటే నన్ను పట్టేవాళ్ళు లేరు. మా అక్క ఊరు దుత్తలూరు అవతల, వాగు దాటి పోవాలి. వాగుమీద వంతెన లేదు. మొదటిసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పిక్కల్లోతు నీళ్ళలో ఇసకమీదుగా అవతలి గట్టు ఎక్కించాను. గట్టుమీద ట్రాక్టరతను నోరు తెరుచుకుని చూశాడు. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ముందువి జారితే ఎనకవి తోస్తాయంట! మా తమ్ముడి కారు" అని ఊళ్ళో కనబడ్డ ప్రతి ఒక్కరికీ తనే చెప్పుకొచ్చింది.

బావ పోయాక మందను అక్కే మేపుతోంది. మాది గొర్రెల కాపరుల ఇల్లు. నేను చదువుకుని, అంగడి పెట్టుకుని బయటపడ్డాను. నిజం చెప్పొద్దూ, బయటపడ్డాననే అనుకునేవాడిని. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ కంపు మళ్ళీ నా దగ్గరికి రాకూడదని నలభై ఏళ్ళు వచ్చినా రెండుపూటలా స్నానం చేసేవాడిని. కారులో గంధం వాసన సీసా పెట్టాను. మీగడరంగు సీటు కవర్లు వేయించాను.

అక్క మందకు ప్రాణం ఒక విత్తనపు పొట్టేలు. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు, నా నడుము దాటిన ఎత్తు. పెద్దోడు అని పిలిచేది దాన్ని. దాని పిల్లల కోసం వింజమూరు వైపు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆమె మంద మంచి మంద అనిపించుకుందంటే అది పెద్దోడి చలవే.

మూడేళ్ళ కిందటి మాట. కార్తీకంలో వారం పాటు ముసురు పట్టింది. ఒక పొద్దున అక్క ఫోను చేసింది.

"ఒరే అబ్బయా, పెద్దోడికి కడుపుబ్బరించిందిరా. రాత్రి నుంచి నెమరెయ్యలా. ఉదయగిరి పశువులాసుపత్రికి తీసకపోతే బతుకుతాడంటాండారు. ఆటోవోళ్ళు వాగు దాటి రామంటాండారు. నీ కారైతే దాటతాది గదా. బిర్రన రారా."

అంగడి ముందే ఉంది కారు. వాన కాస్త తెరిపిచ్చిందని అప్పుడే కడిగించాను, తళతళలాడుతోంది. నేను దాని సీట్లకేసి చూశాను. వాటిమీద ఉబ్బిన పొట్టేలు, దాని నురగ, పేడ, తడిసిన బొచ్చు కంపు. ఆ కంపు నాకు ఫోనులోనే కొట్టింది. పక్కంగడాయన ముక్కు మూసుకోవడం కూడా కనబడింది. నోటివెంట అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందో!

"కారు చెడిపోయిందక్కా. ఎనక చక్రాలకు పోయే షాఫ్టు పోయింది. ముందువి మాత్రమే లాగతాండాయి. వాగు దాటదు" అన్నాను.

నేనే నేర్పిన పాఠం కదా, ఆమెకు వెంటనే అర్థమైంది. "అయ్యో, ఎనకవి తొయ్యకపోతే దాటదులే" అంది. ఒక్క క్షణం ఊరుకుని, "సర్లే, నువ్వు జాగర్త" అని పెట్టేసింది.

మధ్యాహ్నం మళ్ళీ చేసింది. ఇద్దరు మనుషుల్ని పిలుచుకుని, మంచం మీద పడుకోబెట్టి వాగు దాటించిందట. "ఇవతల గట్టున ఆటో కూడా ఉన్నిందిరా. ఎక్కించేలోపల పోయినాడు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నా బతుకు నవ్వులాటైంది. చెడిపోయిన కారులో అక్క ఇంటికి ఎట్లా పోతాను? బస్సులో పోయాను. దుత్తలూరులో దిగి ఆటో ఎక్కి, వాగు దగ్గర చెప్పులు చేతబట్టుకుని దాటాను. అంత కారు ఇంట్లో పెట్టుకుని! ఫోను చేసిన ప్రతిసారీ అక్క ముందుగా అడిగేది, "కారు బాగైందా?" అని. పాపం మనిషి జబ్బు గురించి అడిగినట్టు అడిగేది. ఇంకా కాలేదక్కా, సామాను బెంగుళూరు నుంచి రావాల అనేవాడిని. ఒక అబద్ధానికి వంద తోడు. ఏడాది దాటాక చివరికి మా ఆవిడే, "బస్సుల్లో నేను తిరగలేను, బాగైందని చెప్పి చావండి" అని కసిరింది. చెప్పాను.

"నిజంగానా!" అంది అక్క. ఆ సంతోషం చూస్తే నాకు అనుమానం రావలసింది. "అమ్మోరు నా మాట ఇన్నిందిరా. నీ కారు బాగైతే పొట్టేల్నిస్తానని మొక్కుకున్నా. కొలుపులకు కారేసుకొని రా."

పోయాను. ఊరంతా అమ్మవారి గుడి ముందే ఉంది. వేపాకు తోరణాల పక్కన కారు ఆపి దిగితే, అక్క ఒక పొట్టేలును పట్టుకుని నిలబడి ఉంది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక. పెద్దోడు పోయాక ఈనిన పిల్లల్లో వాడి పోలికతో నిలిచింది ఇదొక్కటేనట. రేపు మందకు విత్తనం కావలసింది అదే.

"అక్కా, దీన్నొద్దు. ఇంకోదాన్నియ్యి" అన్నాను.

"మొక్కినదాన్ని మారుస్తారంట్రా? మంచిదాన్నిస్తేనే మొక్కు" అంది.

మా వైపు పొట్టేలుమీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. పూజారి చెంబెడు పోశాడు. అది కదల్లేదు. ఇంకో చెంబు పోశాడు. నన్నే చూస్తూ నిలబడింది. దాన్ని విదిలించనీయొద్దు తల్లీ అని లోపల మొక్కుకున్నాను. మూడో చెంబుకూ కదలకపోయేసరికి పూజారి మావైపు తిరిగాడు. "ఈ ఇంటోళ్ళలో ఎవురో మనసులో ఏందో పెట్టుకోనుండారు. చెప్పేయండి. చెప్తేగాని అమ్మోరు తీసుకోదు."

చెప్పాలి. చెబితే పొట్టేలు బతుకుతుంది. కారే చెడిపోనప్పుడు మొక్కుకు మొదలే లేదు మరి. నోరు తెరిచాను. చుట్టూ ఊరు. మళ్ళీ మూసుకున్నాను. దేవుడి ముందు కూడా నాకు పరువే ముందొచ్చింది.

నాకంటే ముందు అక్క కదిలింది. రెండు చెంపలూ వేసుకుంది. "నేనే తల్లీ తప్పు చేసింది. పెద్దోడు పోయినపొద్దు, నా తమ్ముడు అబద్ధం చెప్పినాడేమోనని ఒక్క నిమిషం అనుకున్నా. కారులో గొర్రెనెక్కించేదానికి రోత పడినాడేమోననుకున్నా. కడుపున పెట్టుకో తల్లీ" అంటూ నేలమీద పడి దండం పెట్టింది.

పూజారి నాలుగో చెంబు పోశాడు. పొట్టేలు చెవుల నుంచి తోకదాకా ఒళ్ళంతా విదిలించింది. ఆ నీళ్ళు నా చొక్కామీద పడ్డాయి. జనం ఒక్కసారిగా కేకలు వేశారు. నేను మొహం తిప్పుకున్నాను. కత్తి చప్పుడు మాత్రం వినిపించింది.

కాసేపటికి అక్క దొన్నెలో నెత్తురు తెచ్చింది. కొత్త బండికి పెట్టినట్టు, వంగి బొటనవేలితో ఒక్కో చక్రానికీ బొట్టు పెట్టింది. ముందువి రెండూ అయ్యాయి. వెనక్కి పోయి, చాలాసేపు కూర్చుని మిగతా రెంటికీ పెట్టింది. మోకాలు పట్టుకుని లేస్తూ నన్ను చూసి నవ్వింది.

"ఎనక చక్రాలకు కొంచెం ఎక్కువ పెట్టినాన్రా. చెడిపోయినియ్యి అవే గదా."

ఊ అన్నాను.