కత్తిరించిన పేపరు

ఆవడి ఫ్యాక్టరీకి నేను వెళ్లే రైల్లో, తిరుత్తణి దాటకముందే నా తమిళ పేపరు లాక్కునేవాడు ఆయన. కాళ్ల మధ్య లుంగీల మూట. చదివేవాడు కాదు. ఒక్కో పేజీ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, వెనక్కి తిప్పి, అరచేత్తో తడిమి, మళ్లీ తిప్పేవాడు. తను కుదురుగా కూర్చోడు, పక్కవాణ్ణి కూర్చోనివ్వడు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చిన నేతగాడు కాబట్టి మా పెట్టెలో అందరికీ జైలు మామ.

ఒకరోజు నాకు విసుగొచ్చింది.

"ఏం వెతకతావు మామా? నన్ను చదవనియ్యి!"

"జైల్లో లైబ్రరీ అంటే ఒక బెంచీ, ఒక పేపరు నాయనా. అదీ కత్తిరించి ఇస్తారు. వాళ్లకు గిట్టని వార్త ఈ పక్కనుంటే, వెనకుండేది గూడా దాంతోనే పోతాది."

"ఇది జైలు కాదు గదా!"

ఆయన పేజీలు తిప్పడం ఆపలేదు.

"ఒకనాడు పెద్ద చిల్లుతో వచ్చింది. మొహానికి అడ్డం పెట్టుకోని, చిల్లులోంచి తొంగిచూసి అందరినీ నవ్వించినా. విడుదలైనాక ఇంట్లో చెప్పినారు, తమ్ముడు బస్సు కింద పడి సచ్చిపొయినాడని. జైల్లో తట్టుకోలేనని దాచినారంట. వార్త పడిన పేపరు ఎత్తిపెట్టినారు, తీసి చూపించినారు."

తిరువళ్లూరు వచ్చింది. పేపరు నా ఒళ్లో పెట్టి, మూట భుజానికెత్తుకున్నాడు.

"అదే పేపరు నాయనా. చిల్లు పక్కనుండిన సబ్బు బొమ్మను బట్టి గుర్తుపట్టినా. నేను తొంగిచూసి నవ్విన చోటే నా తమ్ముడుండినాడు."